మిజోరం మిషన్ ట్రిప్‌లో అక్కడి సంఘంతో కలిసి ఆరాధించడం ఎలా? దశలవారీ మార్గదర్శి

సెలవులు దగ్గరపడితే చాలు, యూత్ లీడర్లు, పాస్టర్ గార్లు అడిగే ప్రశ్న ఒకటే: "టీమ్‌ను మిజోరం తీసుకెళ్తున్నాం. ఆదివారం ఆరాధనలో మేమేం చేయాలి?" మొదటి ఆదివారం ఏమీ చేయొద్దు అనేదే నా జవాబు. కూర్చోండి, వినండి, వచ్చినంత వరకు పాడండి. స్టేజీ సంగతి తర్వాత.

2011 జనాభా లెక్కల ప్రకారం మిజోరంలో దాదాపు 87 శాతం మంది క్రైస్తవులు. అక్కడి ప్రెస్బిటేరియన్, బాప్తిస్టు సంఘాలు ఎప్పటినుంచో ఇతర రాష్ట్రాలకు మిషనరీలను పంపుతున్నాయి. మీరు వెళ్లేది బోధించడానికి కాదు, విశ్వాసంలో తోబుట్టువులైన వాళ్ల ఇంటికి అతిథులుగా. ఈ ఒక్క మాట టీమ్‌లో అందరికీ ఎక్కితే కింద రాసిన వాటిలో సగం వాటంతటవే జరిగిపోతాయి.

1. ముందు ఆహ్వానం, తర్వాతే టికెట్లు

టికెట్లు బుక్ చేసుకుని ఆపైన "మాకో ఆదివారం ఇవ్వండి" అని అడిగే టీమ్‌లే ఎక్కువ. ఈ వరుస తిప్పండి.

మిజోరం ఉత్తర భాగంలో ప్రెస్బిటేరియన్ సంఘాలు ఎక్కువ. దక్షిణాన లుంగ్లే వైపు బాప్తిస్టులు ఎక్కువ. సాల్వేషన్ ఆర్మీ, పెంతెకోస్తు, కథోలిక, శనివారం ఆరాధించే అడ్వెంటిస్టు సంఘాలూ ఉన్నాయి. మిమ్మల్ని పిలిచేది ఎవరో ముందే తెలుసుకోండి, ఎందుకంటే ఆరాధన క్రమం దాన్నిబట్టే మారుతుంది.

ప్రెస్బిటేరియన్ సంఘాల్లో ఒక పాస్టర్ గారి కింద చాలా స్థానిక సంఘాలు ఉంటాయి. రోజువారీ వ్యవహారం నడిపేది సంఘపెద్దలు. వాళ్లను 'ఉపా' అంటారు. పాస్టర్ గారు ఫోన్‌లో "రండి" అన్నంత మాత్రాన ఏర్పాట్లు అయిపోయినట్టు కాదు. స్థానిక సంఘ కమిటీకి ఒక ఉత్తరం వెళ్లాలి. అందులో ఇవి ఉంటే చాలు:

- మీ సంఘం పేరు, ఏ డినామినేషన్
- ఎంతమంది, ఆడవాళ్లు ఎందరు, మగవాళ్లు ఎందరు
- వచ్చే తేదీ, వెళ్లే తేదీ
- తినని పదార్థాలు, ఆరోగ్య సమస్యలు
- "మీ క్రమంలో మాకు చోటు ఇచ్చినా సరే, ఇవ్వకపోయినా సరే" అనే మాట

ఆఖరి మాట మర్యాద కోసం రాసేది కాదు. అది లేకపోతే వాళ్లు తమ కార్యక్రమం పక్కన పెట్టి మరీ మీకు సమయం ఇస్తారు. ఇబ్బంది అయినా పైకి చెప్పరు.

2. పర్మిట్, తేదీలు, ప్రయాణం

మన దేశ పౌరులకు కూడా మిజోరంలో అడుగుపెట్టడానికి ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. కోల్‌కతా, గువాహటి, సిల్చర్, ఢిల్లీ నగరాల్లోని మిజోరం హౌస్‌లలో తీసుకోవచ్చు. విమానంలో వెళ్తే లెంగ్‌పుయ్ ఎయిర్‌పోర్టులోనూ ఇస్తారు. తాత్కాలిక పర్మిట్ సాధారణంగా 15 రోజులకు ఉంటుంది. 2025 సెప్టెంబర్‌లో ఐజ్వాల్ దగ్గరి సాయ్‌రంగ్ దాకా రైలు మార్గం మొదలైంది కానీ, రైల్లో దిగినా పర్మిట్ తప్పదు. వచ్చిన పని అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. చర్చికి వెళ్తూ "టూరిజం" అని రాయడం తెలివితేటలు కావు.

టీమ్‌లో విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లుంటే, అంటే అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చిన మన తెలుగువాళ్లే అయినా, వాళ్ల దారి వేరు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా మిషనరీ పనికి 2021 నిబంధనల ప్రకారం ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కావాల్సిన రక్షిత ప్రాంతాల అనుమతి సంగతి దానికి అదనం. వాళ్ల కాగితాల పని కనీసం రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టండి.

తేదీల విషయం. మే నుంచి సెప్టెంబర్ దాకా గట్టి వానలు, కొండచరియలు విరిగిపడి దారులు మూసుకుపోతుంటాయి. అందుకని వేసవి సెలవుల ట్రిప్ అనుకునేవాళ్లు మే చివరి వారాలు వదిలేయడం మంచిది. నవంబర్ నుంచి మార్చి వరకు హాయిగా ఉంటుంది. క్రిస్మస్ వారంలో పాటలు వినాలంటే అంతకు మించిన సమయం లేదు. అయితే ఆ వారం ఊరంతా సామూహిక విందు పనుల్లో మునిగి ఉంటుంది కాబట్టి మీకోసం ప్రత్యేక మీటింగ్ పెట్టమని అడగొద్దు.

3. ఇంటి దగ్గరే చేయాల్సిన సాధన

ఈ భాగానికి కనీసం నాలుగు శనివారాలు కేటాయించండి. మన టీమ్‌లు సాధారణంగా తమ స్పెషల్ సాంగ్ ఒక్కటే ప్రాక్టీస్ చేస్తాయి. వాళ్ల పాటలు ప్రాక్టీస్ చేయడం అంతకంటే ముఖ్యం.

మొదటి పని: వాళ్ల పాట ఒకటి నేర్చుకోండి. మిజో భాష రోమన్ లిపిలో రాస్తారు కాబట్టి ఇంగ్లీషు చదవగలిగిన ఎవరైనా కూడబలుక్కుని చదవొచ్చు. ఏ, డబ్ల్యూ అక్షరాలు కలిసి వస్తే 'ఆ'కూ 'ఓ'కూ మధ్య పలకాలి. మనం ఐజ్వాల్ అని రాసే ఊరిపేరు వాళ్ల నోట ఐజోల్‌లా వినిపించేది అందుకే. టి కింద చుక్క ఉంటే 'ట్ర' లాగా పలకాలి. ఏ పాట నేర్చుకోవాలో మిమ్మల్ని పిలిచిన సంఘాన్నే అడిగి, ఫోన్‌లో రికార్డు చేసి పంపమనండి.

రెండో పని: రెండు పాటల పుస్తకాల్లోనూ ఉన్న ట్యూన్ ఒకటి వెతకండి. పాశ్చాత్య మిషనరీలు తెచ్చిన రాగాలు కొన్ని మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోనూ, వాళ్ల పుస్తకంలోనూ ఉన్నాయి. ఆ రాగంలో మీరు తెలుగులో, వాళ్లు మిజోలో ఒకేసారి పాడొచ్చు. నన్నడిగితే టీమ్ తీసుకెళ్లగలిగిన వాటిలో ఇంతకంటే మంచి స్పెషల్ సాంగ్ లేదు.

మూడో పని: ట్రాక్ (ముందే రికార్డు చేసిన సంగీతం) లేకుండా పాడటం అలవాటు చేసుకోండి. ప్యాడ్స్, కీబోర్డు రిథమ్, రివర్బ్ లేకపోతే మన కోయిర్లలో సగం గొంతులు తడబడతాయి. అక్కడ మామూలు సభ్యులు కూడా టోనిక్ సోల్ఫా (డో, రె, మి స్వరాలను అక్షరాల్లో రాసే పద్ధతి) చూసి, నాలుగు గొంతులు నాలుగు వరుసల్లో కలిసేలా పాడేస్తారు. వాళ్ల ముందు పెన్‌డ్రైవ్ పెట్టి పాడితే మనకే ఇబ్బంది. ఒక తెలుగు కీర్తన, మన దేశీ రాగంలోది, తాళాలు లేదా కంజీరతో సాదాగా పాడండి. వాళ్లు ఎప్పుడూ వినని పాట అదే. భావం ఒక పేజీలో ఇంగ్లీషులో రాసి, మిజోలోకి మార్చుకోవడానికి ముందే పంపండి.

పలకరింపులు కూడా నేర్చుకోండి. కలిసినప్పుడు 'చిబాయ్'. కృతజ్ఞతకు 'క లోమ్ ఎ', టీమ్ తరఫున అయితే 'కన్ లోమ్ ఎ'. మగవాళ్ల పేరు ముందు 'పు', ఆడవాళ్ల పేరు ముందు 'పి' చేర్చితే మన 'గారు' అన్నంత గౌరవం. పేర్లు సాధారణంగా మగవాళ్లవి 'ఆ' ధ్వనితో, ఆడవాళ్లవి 'ఇ' ధ్వనితో ముగుస్తాయి. ఇది తెలిస్తే సగం తికమక తప్పుతుంది. ఇంటిపేరు, కులం ఆరా తీసే అలవాటు మాత్రం హైదరాబాద్‌లోనే వదిలేసి రండి.

బ్యాగులో ఉండాల్సినవి:

- మగవాళ్లకు ఫార్మల్ ప్యాంటు, షర్టు, షూ, చలికాలమైతే కోటు. సంఘపెద్దలు సూటు, టై వేసుకుని వస్తారు, జీన్స్ ఆదివారానికి వద్దు
- ఆడవాళ్లకు చీర చాలు, స్వెట్టర్ తప్పనిసరి. నిటారు రోడ్లకు తగిన చెప్పులు
- సొంత బైబిలు, నోటుపుస్తకం
- టార్చిలైటు, మందులు

4. శనివారం సాయంత్రానికల్లా అన్నీ పూర్తి

ఆదివారం మిజోరంలో కొట్లు, మార్కెట్లు మూతపడతాయి. సుమోలు, ట్యాక్సీలు దొరకడం కష్టం. ఫోన్ రీఛార్జి, మందులు, పండ్లు, పెట్రోలు అన్నీ శనివారమే చూసుకోండి. ఆదివారం నాడు "దగ్గర్లో చూడ్డానికి ఏముంది?" అని అడిగితే ఆతిథ్యం ఇచ్చినవాళ్లు కాదనలేక ఇబ్బంది పడతారు.

గడియారం మనదే అయినా పొద్దు మనది కాదు. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు. రాత్రి భోజనం ఐదు, ఆరు గంటలకే పెడతారు, ఆ తర్వాత రాత్రి ఆరాధన. తొమ్మిదింటికి తినే మన అలవాటుతో వెళ్తే రెండు రోజులు కడుపు గోల చేస్తుంది.

రేపు ఎన్ని కూటాలు, ఏ సమయాల్లో, ఎక్కడ కూర్చోవాలి, కానుక ఎప్పుడు పడతారు, నిలబడేది ఎప్పుడు అన్నవి ఒక సంఘపెద్దను అడిగి రాసుకోండి. ఆదివారం ఒకే ఆరాధన అనుకోకండి. ఉదయం సండే స్కూలు (పెద్దవాళ్లకు కూడా), మధ్యాహ్నం, మళ్లీ రాత్రి.

5. ఆరాధనలో మీరు చేయాల్సింది, వరుసగా

(అ) గంట మోగుతుంది. ఆఖరి గంటకు ముందే బెంచీలో ఉండాలి. "పది నిమిషాలు అటూ ఇటూ" అనే మన లెక్క అక్కడ నడవదు.

(ఆ) చెప్పులు గుమ్మం దగ్గర విప్పే ముందు ఆగి చూడండి. మన పల్లె మందిరాల్లో చెప్పులు విప్పి చాపమీద కూర్చుంటాం. అక్కడ బెంచీలు, షూతోనే లోపలికి వెళ్తారు. ఇళ్లలోకి వెళ్లేటప్పుడు మాత్రం విప్పాలి.

(ఇ) ఆడవాళ్లు, మగవాళ్లు వేర్వేరు వైపుల కూర్చుంటున్నారా అన్నది చూసి దాన్నే పాటించండి. మన సహోదరీలు తలమీద చెంగు వేసుకోవాలనుకుంటే నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. అక్కడి ఆడవాళ్లు వేసుకోలేదని వ్యాఖ్యానించడం మాత్రం వద్దు. అత్తారింట్లో కొత్త అల్లుడు వంటింటికి వంకలు పెట్టడు కదా.

(ఈ) టీమ్ అంతా ఒకే బెంచీలో గుంపుగా కూర్చోకండి. ఇద్దరిద్దరుగా విడిపోయి స్థానికుల పక్కన కూర్చోండి. పాటల పుస్తకం పంచుకుంటారు, పేజీ చూపిస్తారు, పరిచయం అక్కడే మొదలవుతుంది.

(ఉ) పాట మొదలైతే వేగం వాళ్లది. 'ఖువాంగ్' అనే డోలు మీద దెబ్బ నిదానంగా పడుతుంది, పాట సాగి సాగి నడుస్తుంది. కొన్ని కూటాల్లో ఒకరు రాబోయే చరణాన్ని ముందుగా చెబుతుంటే సంఘమంతా అందుకుంటుంది. మొదటి పది నిమిషాలు మన చెవికి మరీ నెమ్మది అనిపిస్తుంది. చప్పట్లతో వేగం పెంచే ప్రయత్నం చేయకండి. వాళ్లు చప్పట్లు కొడితేనే మీరూ కొట్టండి. డోలును అడగకుండా ముట్టుకోవద్దు.

(ఊ) కొన్నిసార్లు పాట మధ్యలో జనం లేచి పుల్పిట్ ముందున్న ఖాళీలోకి వచ్చి నిదానంగా అడుగులు వేస్తూ నాట్యమాడతారు. అది ఆరాధనలో భాగం, ప్రదర్శన కాదు. పిలిస్తే వెళ్లి వెనక నిలబడి వాళ్ల అడుగు చూసి వేయండి. ఫోన్ తీయకండి.

(ఋ) వాక్యం మిజోలో ఉంటుంది. రెఫరెన్సు పట్టుకుని మీ తెలుగు బైబిల్లో అదే భాగం నెమ్మదిగా చదువుకోండి. పక్కవాళ్ల చేత గుసగుసగా అనువాదం చేయించుకుంటే చుట్టూ నలుగురికి ఇబ్బంది. తర్వాత భోజనం దగ్గర "పాస్టర్ గారు ఏం చెప్పారు?" అని అడగండి. మంచి సంభాషణ అవుతుంది.

6. మైక్ మీ చేతికొస్తే

రెండో ఆదివారమో, బుధవారం రాత్రి కూటంలోనో "మీరో మాట చెప్పండి" అంటారు. అప్పుడు:

- తెలుగు నుంచి ఇంగ్లీషు, ఇంగ్లీషు నుంచి మిజో అని రెండు అనువాదాలు పెట్టుకోవద్దు. ఇంగ్లీషు సాదాగా మాట్లాడగలిగిన వాళ్లనే నిలబెట్టండి. పెద్ద ప్రసంగీకుడు గారికి ఇంగ్లీషు రాకపోతే ఆయన ప్రార్థన చేస్తే చాలు.
- అనువదించే వ్యక్తితో ముందురోజు అరగంట కూర్చోండి. రెఫరెన్సులు, చెప్పబోయే కథ, ఊరి పేర్లు రాసివ్వండి.
- వచనాన్ని అనువదింపజేయొద్దు. మిజో బైబిల్లోంచే చదివించండి.
- ఇచ్చిన సమయం 20 నిమిషాలైతే మీ మాటలు పదే. మిగతా పది అనువాదానివి.
- ప్రాసలు, తెలుగు జోకులు, సినిమా డైలాగులు మోసుకెళ్లొద్దు.
- సాక్ష్యం చెప్పేటప్పుడు "ఇండియా నుంచి వచ్చాం" అనకండి. నోరు జారి చాలామంది అంటారు. మిజోరం ఇండియానే. "ఆంధ్రా నుంచి", "తెలంగాణ నుంచి" అనండి.

సన్మానాల గురించి ఒక మాట. శాలువాలు, పూలదండలు, ఫ్లెక్సీ మన మీటింగులకు మామూలే. ఆరాధన మధ్యలో పాస్టర్ గారికి, పెద్దలకు వరుసగా శాలువాలు కప్పి ఫొటోలు దిగడం అక్కడ ఎబ్బెట్టుగా ఉంటుంది. శాలువా ఇవ్వాలనుకుంటే ఇంట్లో ఇవ్వండి.

7. ప్రభువు బల్ల, బాప్తిస్మం, కానుక

బల్ల ఆరాధన పాస్టర్ గారు వచ్చినప్పుడే ఉంటుంది కాబట్టి ప్రతి ఆదివారం ఉండదు. మీరున్న ఆదివారం అదే అయితే, వేరే సంఘంలో బాప్తిస్మం పొందినవాళ్లు పాల్గొనవచ్చా అని శనివారమే అడగండి. వద్దంటే తల వంచుకుని ప్రార్థనలో ఉండటం కూడా పాల్గొనడమే. సాల్వేషన్ ఆర్మీ కూటంలో బల్ల అసలు ఉండదు. "ఎందుకు లేదు?" అని వాదన పెట్టుకోకండి.

చంటిపిల్లల బాప్తిస్మమా, ముంచే బాప్తిస్మమా అనే చర్చ మనకు ప్రాణం. అక్కడ ఉత్తరాన ఒక పద్ధతి, దక్షిణాన ఇంకో పద్ధతి, రెండు సంఘాలూ పక్కపక్కనే బతుకుతున్నాయి. టీమ్ వాట్సాప్ గ్రూపులో ముందే రాసేయండి: ఈ ట్రిప్‌లో ఆ టాపిక్ లేదు.

కానుక సంచిలో అందరిలాగే వేయండి. టీమ్ తరఫున పెద్ద మొత్తం ఇవ్వాలనుకుంటే ట్రెజరర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. విడిగా ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టొద్దు, "మీ బిల్డింగ్ మేం కట్టిస్తాం" లాంటి వాగ్దానాలు అసలే వద్దు. వాళ్లు ఇవ్వడంలో మనకంటే వెనకబడి లేరు. వంట చేసే ప్రతిసారీ ఆడవాళ్లు గుప్పెడు బియ్యం తీసి చర్చికి పక్కన పెడతారు, వాళ్ల మిషన్ పనికి అదొక పెద్ద ఆధారం. మన పల్లె సంఘాల్లోనూ పిడికెడు బియ్యం కానుక తెలిసిందే కాబట్టి, మాట కలపడానికి ఇంతకంటే మంచి విషయం దొరకదు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య (రెండేళ్ల తర్వాత దోర్నకల్ బిషప్ అయ్యారు) పాశ్చాత్య మిషనరీలను ఉద్దేశించి, మీరు ఆస్తులిచ్చారు, స్నేహితులను కూడా ఇవ్వండి అనే అర్థంలో మాట్లాడారు. ఆయన అడిగింది ఇప్పుడు మనం ఇచ్చే వంతు.

8. భోజనం బల్ల దగ్గర

అన్నం, ఉడికించిన ఆకుకూరలతో చేసే 'బాయ్', పంది మాంసం, పాలు లేని టీ. నూనె, మసాలా, కారం తక్కువ. పులియబెట్టిన పదార్థాల వాసన కొత్తగా ఉండొచ్చు. పందిమాంసం, గొడ్డుమాంసం తిననివాళ్లుంటే ఉత్తరంలోనే రాయాలి, కంచం ముందు కూర్చున్నాక చెప్పకూడదు. ఆవకాయ సీసా తీసుకెళ్లండి, కానీ ఆతిథ్యం ఇచ్చిన ఇంట్లో వాళ్ల కూర రుచి చూడకుండానే సీసా తెరవకండి. వాళ్లకు వడ్డించి మరీ తెరిస్తే అది వేరే సంగతి.

9. తరచూ ఎదురయ్యే చిక్కులు

*కార్యక్రమం హఠాత్తుగా రద్దయింది.* ఊళ్లో ఎవరైనా చనిపోతే అన్నీ ఆగిపోతాయి. యంగ్ మిజో అసోసియేషన్ అనే స్థానిక సేవా సంఘం యువకులు సమాధి తవ్వుతారు, రాత్రుళ్లు జనం ఆ ఇంట్లో చేరి పాటలు పాడతారు. "మా ప్రోగ్రాం ఏమైంది?" అని అడగకుండా పెద్దల అనుమతితో ఆ ఇంటికి వెళ్లి వెనక కూర్చోండి. మాట్లాడమంటే ఒక చిన్న ప్రార్థన. యువకులు పారలు పట్టుకుంటే మీ టీమ్ అబ్బాయిలూ చేయి వేయొచ్చు. మీరు వేసుకున్న ప్రోగ్రాం కంటే ఈ రాత్రి విలువే ఎక్కువ, నా అభిప్రాయం అది.

*టీమ్‌లో ఒకరు గట్టిగా కేకలతో ప్రార్థిస్తున్నారు.* అందరూ కలిసి ఒక్కసారిగా ప్రార్థించే సమయం అక్కడా ఉండొచ్చు. అప్పుడు గొంతు కలపొచ్చు. ఒకరు నడిపిస్తున్నప్పుడు మాత్రం మన గొంతు ఆయన గొంతును దాటకూడదు. లీడర్ బయటికి వచ్చాక విడిగా చెప్పాలి, అందరి ముందు కాదు.

*ఎవరో ఫేస్‌బుక్ లైవ్ పెట్టేశారు.* వెంటనే తీయించి, సంఘపెద్దకు చెప్పండి. ఆరాధన ఫొటోలు ఎన్ని, ఎప్పుడు, ఎవరు తీయాలి అన్నది ముందే అడిగి ఒక్కరికే ఆ పని అప్పగించండి. క్యాప్షన్లో "సువార్త అందని కొండజాతి" అని రాస్తే ఆ పోస్టు వాళ్లూ చదువుతారని గుర్తుంచుకోండి.

*టీమ్‌కు బోర్ కొడుతోంది.* భాష రాని ఆరాధనలో రోజుకు మూడుసార్లు కూర్చోవడం కష్టమే, దాచక్కర్లేదు. ప్రతి ఒక్కరికీ ఒక పని ఇవ్వండి: ఒకరు పాటల నంబర్లు రాసుకోవాలి, ఒకరు రెఫరెన్సులు, ఒకరు మూడు కొత్త పేర్లు. రాత్రి పది నిమిషాలు కూర్చుని పంచుకోండి. వెక్కిరింపులు అక్కడే ఆపేయండి.

10. తిరిగొచ్చాక

- వారంలోపు సంఘ కమిటీకి కృతజ్ఞత ఉత్తరం, ఆతిథ్యం ఇచ్చిన ఇళ్లకు విడిగా ఒక్కో కార్డు
- ఫొటోలు ముందు వాళ్లకు పంపి, సరేనన్న వాటినే మన సంఘంలో చూపించడం
- నేర్చుకున్న మిజో పాటను ఒక ఆదివారం మన సంఘంతో పాడించడం
- రిపోర్టులో "మేం చేసినవి" ఒక పేజీ అయితే "మేం నేర్చుకున్నవి" రెండు పేజీలు
- వాళ్లను మన ఊరికి పిలవడం, ప్రయాణ ఖర్చుకు మన బడ్జెట్‌లో డబ్బు పెట్టడం

వాళ్లు వచ్చినప్పుడు సౌండ్ సిస్టమ్ తగ్గించండి, కూర కారం తగ్గించండి, రాత్రి భోజనం ఏడింటికల్లా పెట్టండి. వాళ్ల పాటకు డోలు కావాలా అని ముందే అడిగి ఒకటి అద్దెకు తెప్పించి ఉంచండి.